వృత్తం పాఠంలో చివరి పది సెకన్లు

నేను వంటింట్లో టీ వడపోస్తున్నాను. హాల్లో మా ఆవిడ ఫోన్, వచ్చిన మెయిల్‌ని గడగడా పైకి చదివేసింది. ఆ వేగంలో నాకు ఒక్క ముక్క అర్థం కాదు, తనకి మాత్రం అదే హాయి. మరుక్షణం కేక.

“సారూ! వచ్చేసింది!”

గిన్నె వదిలేసి పరిగెత్తాను. “ఏమన్నారు?”

“నెమ్మదిగా పెట్టి మళ్ళీ వినిపించనా, నీలాంటివాళ్ళ కోసం?”

“చంపకుండా చెప్పు తల్లీ!”

“తీసుకున్నారు! ఎనిమిదో తరగతి లెక్కలు, లైవ్ క్లాసు. నాకే!”

మా పెళ్ళయి ఇరవై రెండు రోజులు. నేను పనిచేసే ఆన్‌లైన్ బడి తనని అప్పటికే రెండుసార్లు వద్దంది. చూపు లేకుండా బోర్డు మీద లెక్కలెలా చెప్తారన్నారు. మూడోసారీ కాదంటే ఇక జన్మలో అప్లై చెయ్యనని తను తేల్చేసింది. ఆ మాట అన్న రోజు నుంచీ నాకు అన్నం సరిగా దిగలేదు.

అసలు మా పరిచయమే ఒక ఫిర్యాదు. నేను ఆ బడికి లెక్కల వీడియోలు చేస్తాను. ఏడాదిన్నర కిందట హెల్ప్‌లైన్ ఎత్తితే, టీచర్ ట్రైనింగ్‌లో ఉన్న అమ్మాయట, “మీ బోర్డు మీద ఏముందో నాకు తెలియట్లేదండీ” అంది.

రెండు రోజులు కూర్చుని అక్షరాలన్నీ పెద్దవి చేసి, గర్వంగా ఫోన్ చేశాను. “ఇప్పుడు చూడండి మేడం, ఒక్కో అంకె అరచెయ్యంత!”

“గోడంత చేసినా నాకొకటేనండీ. నాకు చూపు లేదు. ‘ఇది తీసుకెళ్ళి ఇక్కడ వేస్తే అది వస్తుంది’ అంటారు మీరు. ఏది? ఎక్కడ? ఏదొస్తుంది?”

సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

ఆ వారం నుంచి కళ్ళు మూసుకుని పాఠాలన్నీ మళ్ళీ చెప్పడం మొదలుపెట్టాను. ప్రతిదీ ముందు తనకే పంపేవాణ్ణి. పదికి మార్కులు వేసేది. “త్రిభుజానికి నాలుగే. మూడు గీతలన్నారు సరే, అవి ఒకదాన్నొకటి కలుస్తాయో లేదో ఎవరు చెప్తారు?” పోనుపోను పాఠం ఐదు నిమిషాలైతే, దాని మీద మా కబుర్లు గంటన్నర.

వృత్తం పాఠం చివర తన కోసం మాత్రమే ఓ మాట చేర్చాను. “కేంద్రం నుంచి ఎటు వెళ్ళినా దూరం ఒకటే. నాకు మాత్రం మీరు పక్కన లేని ఏ చోటైనా దూరమే. పెళ్ళి చేసుకుందామా?”

ఆ పది సెకన్లు కత్తిరించడం మర్చిపోయి ఫైలు బడి వెబ్‌సైట్‌లో పెట్టేశాను!

మధ్యాహ్నానికల్లా కామెంట్లు. ‘సార్, ఇది పరీక్షలో వస్తుందా?’ ‘సార్, మేడం ఏమన్నారు?’

వెంటనే తనకి ఫోన్ చేస్తే వాళ్ళమ్మగారు ఎత్తారు. “పక్కింటి పిల్ల వచ్చి వినిపించింది బాబూ. ఇంతమంది విన్నాక ఇక నేనేం కాదంటాను? పాఠం మాత్రం బాగా చెప్పావు.”

వెనక నుంచి నవ్వుతున్న గొంతు. “పదికి పది వెయ్యమ్మా!”

అదీ కథ. ఇప్పుడు అదే గొంతు నా భుజం మీద వాలి ఉంది.

“ఈసారి ఎలా ఒప్పుకున్నారు?”

“డెమో క్లాసులో ఒకాయన అడిగారు, పిల్లలు తప్పు రాస్తే మీకెలా తెలుస్తుందని. పైకి చదవమంటానండీ, చదువుతూ చదువుతూ వాళ్ళ తప్పు వాళ్ళే పట్టుకుంటారు అన్నాను. ఆయన వెంటనే ఆ మాట రాసుకున్నారు.”

“భయంగా ఉందా?”

“చాలా. ముప్ఫై నాలుగు మంది. అందులో చూపు లేని పిల్లలు ఇద్దరు. ఇన్నాళ్ళూ వాళ్ళు, బోర్డు మీద ఏముందో ఎవరో ఒకరు చెప్పేదాకా ఆగి, అందరికంటే వెనకే లెక్క మొదలుపెట్టారు.” నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. “అందుకే రేపు తొమ్మిదింటికి, మొదటి పది నిమిషాలు అందరి స్క్రీన్లూ ఆపిస్తాను. లెక్క చెవులతోనే. నువ్వూ లాగిన్ అవుతున్నావు, హాజరులో మొదటి పేరు నీదే. జవాబు తప్పితే, మొగుడివని చూడను, నిలబెట్టేస్తా!”