కొత్త గుడ్డ బొంత

భానుశ్రీకి తుపాకీ అంటే భయం లేదు. బాంబంటే కొద్దిగా ఉంది, అది ఎవరికైనా ఉంటుంది. అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. తన చెయ్యి అందనంత దూరంలో తన బిడ్డ ఉండడం.

అందుకే చీఫ్ ఆ మాట అనగానే ఆమె చేతిలో క్రాస్ స్టిచ్ సూది ఆగిపోయింది.

"పాపను కూడా తీసుకెళ్ళాలమ్మా."

"పాపనెందుకు సార్?"

"పాప లేకుండా వెళ్తే నువ్వెవరని అడుగుతారు. పాపతో వెళ్తే పాప పేరేంటని అడుగుతారు. అంతే తేడా."

చీఫ్ పేరు శివరామరాజు. భీమవరంలో ఊలు, దారాలు, పూసలు అమ్మే షాపు ఆయనది. గాజు కౌంటరు వెనక కూర్చుని రిబ్బను కొలిచే ఆ పెద్దమనిషి సీక్రెట్ సర్వీస్‌లో కోస్తా విభాగానికి అధిపతి అన్న సంగతి ఆయన భార్యకు కూడా తెలియదు. భానుశ్రీ ఇంటర్ మధ్యలో ఆపేసిన మనిషి. కానీ గుడ్డ మీద గళ్ళు లెక్కపెట్టుకుంటూ, తలెత్తకుండానే, గదిలో ఎవరేమన్నా వినగలదు. అలాంటి చెవి ఏ ట్రైనింగ్‌లోనూ తయారవదని ఆయన ఆమెను ఏరి తెచ్చుకున్నాడు.

"ఆపరేషన్ టాకా," గొంతు తగ్గించాడు చీఫ్. "ఆర్కిడ్ అని ఒక విదేశీ ముఠా. ల్యాబ్‌లో ఒక వైరస్ తయారుచేశారు. పొడిలా ఉంటుంది. నీళ్ళు తగిలితే లేచి కూర్చుంటుంది. అది కాలువలో కలిసిందా, కింద చెరువుల్లో రొయ్యన్నది మిగలదు. మన ఎక్స్‌పోర్ట్ ఆర్డర్లన్నీ వాళ్ళకు పోతాయి."

"కాలువ గట్టు మీద కాపలా ఉందా?"

"పొడుగునా మనవాళ్ళే. డబ్బా పట్టుకుని ఎవరు దిగినా పట్టుకుంటారు. కానీ ఆ పొడి ఈ రోజు రత్నమాణిక్యం గారింట్లో చేతులు మారుతుందట. దారాలమ్మేవాడి వేషంలో కొరియర్ వస్తాడు. ఈ కబురు మంజుష పంపింది."

మంజుష డబుల్ ఏజెంట్. రెండేళ్ళ కిందట ఆర్కిడ్ ముఠాలో చేరి, అక్కడి రహస్యాలు ఇక్కడికి పంపుతున్న మనిషి. భానుశ్రీ ఆమె పేరు వినడమే గానీ ఎప్పుడూ చూడలేదు.

"ఆవిడ కూడా వస్తుంది. నువ్వు వాడి దగ్గరికి వెళ్ళినప్పుడు పాపను చూసుకుంటుంది. కోడ్ గుర్తుపెట్టుకో. ‘ఎర్ర దారం రంగు దిగుతుందా’ అని అడుగు. ‘ఉప్పునీళ్ళలో దిగదు’ అన్నాడంటే వాడే."

కౌంటరు కింద నుంచి రెండు వస్తువులు తీశాడు. పొడుగాటి ఉక్కు నిట్టింగ్ సూది ఒకటి. పసుపుపచ్చ ఊలు ఉండ ఒకటి.

"ఈ ఊలు లోపల ఫైబర్ ఉంది. ఏనుగు లాగినా తెగదు."

"ఏనుగుతో నాకేం పని సార్?"

"ఏమోనమ్మా. పైవాళ్ళు పంపారు, ఉంచుకో."

*

రత్నమాణిక్యం గారి హాల్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక వారానికోసారి ఆడవాళ్ళు కుట్లూ అల్లికలూ పట్టుకుని చేరతారు. టీవీ కట్టేస్తారు. ఫోన్లు మూటగట్టి అలమరలో పడేస్తారు. ఇంట్లో ఎవరెవరు ఏమేమి అన్నారో అదంతా నెమ్మదిగా సూదిలోంచి గుడ్డలోకి దిగిపోతుంది. నిజం చెప్పాలంటే భానుశ్రీకి ఈ ఉద్యోగంలో నచ్చిందే ఆ కాసేపు. గడి మీద గడి, ఇంటూ మీద ఇంటూ వేసుకుంటూ పోతే గుండె దడ తగ్గేది.

ఈ రోజు తగ్గలేదు. పెరటి తలుపు తీసి ఉంది. తలుపు అవతల జామచెట్టు, దాని వెనక మెట్లు, మెట్ల కింద కాలువ.

"ఈ ఎండల్లో స్వెట్టరెవరికండీ?" అంది మరిడమ్మ. పొద్దున్నే చేపల బేరం ముగించుకుని, స్నానం చేసి, బొంత కుట్టుకోవడానికి వచ్చే మనిషి ఆవిడ.

"మా మనవడికే. ఏసీ వేసుకుని వణుకుతూ పడుకుంటాడు," అంది రత్నమాణిక్యం గారు సూదులాడిస్తూ.

"ఏసీ కట్టేస్తే సరిపోద్ది కదండీ?"

"కట్టేస్తే నాకు స్వెట్టరల్లే పనుండదు కదే!"

అందరూ నవ్వుతుండగా మంజుష లోపలికి వచ్చింది. నల్ల కళ్ళజోడు, లేత గులాబీ రంగు షిఫాన్ చీర, గదంతా నిండిన సెంటు. చంకలో మడత పెట్టిన బొంత.

"భానక్కా! నీ పాపకు తెచ్చాను. తణుకులో మా అమ్మమ్మ కుట్టింది, మా అక్క కూతురు పుట్టినప్పుడు."

తళతళలాడే చదరాల బొంత. నేల మీద పరిచి, పాపను భానుశ్రీ ఒళ్ళోంచి తీసుకుని దాని మీద పడుకోబెట్టింది. మరిడమ్మ వంగి అంచు నలిపి చూసింది.

"ఏంటండీ, కొత్త గుడ్డ మీద పసిదాన్ని పడుకోబెట్టారు? మీ అమ్మమ్మ గారింట్లో పాత చీరే లేదా?"

"పాతవి హైజీనిక్ కాదండీ," నవ్వింది మంజుష.

అంతలో వీధి గుమ్మంలో కేక. "దారాలండీ! ఎంబ్రాయిడరీ దారాలు, ఊలు!"

మంజుష కళ్ళతోనే చెప్పింది, వెళ్ళమని. భానుశ్రీ లేవబోయి ఆగింది. ఊలు కొస తీసి పాప మొలతాడుకు ముడి వేసింది. చూస్తే నవ్విపోతారు. నవ్వనీ. ఉండను చీర కుచ్చిళ్ళలో దోపుకుని గుమ్మం దగ్గరికి నడిచింది.

"ఎర్ర దారం రంగు దిగుతుందా?"

ముసలాయన చేతిసంచీ దించి ఆమె వంక చూశాడు. భానుశ్రీ వేళ్ళు ఉక్కు సూది మీద బిగుసుకున్నాయి.

"దిగితే తెచ్చి నా మొహాన కొట్టండమ్మా. ఈ ఊళ్ళో ఇన్నాళ్ళుగా తిరుగుతున్నాను, వీరబ్రహ్మం దారం దిగిందని ఒక్కరనలేదు."

వీడు కాదు.

మరి వీడేనని చెప్పిందెవరు? మంజుష.

మనవరాలు పుట్టబోతోందంటే ఏ అమ్మమ్మ అయినా పెట్టె అడుగు నుంచి ఉతికి ఉతికి మెత్తబడ్డ చీర తీస్తుంది. పసిబిడ్డ ఒంటికి కొత్త గుడ్డ తగలనివ్వదు. గంజి కరకరలాడే చదరాలతో బొంత కుట్టే అమ్మమ్మ తణుకులో కాదు, ఈ గోదావరి జిల్లాల్లోనే ఉండదు.

నడుము దగ్గర ఊలు ఉండ కదిలింది. తిరిగింది. గిర్రున తిరుగుతోంది.

వెనక్కి చూసింది. నేల మీద బొంత లేదు. పాప లేదు. పసుపుపచ్చ ఊలు గచ్చు మీద పాకుతూ పెరటి తలుపు దాటి పోతోంది.

"పాప బొంత తడిపేసిందట. జాడించి తెస్తానని ఇప్పుడే అటు వెళ్ళింది," అంది రత్నమాణిక్యం గారు, సూదుల మీంచి చూపు తిప్పకుండా.

జాడించి! గట్టు మీద డబ్బాలు పట్టుకుంటారు, సంచులు పట్టుకుంటారు. పసిపిల్ల బొంత ఉతికే ఆడమనిషిని ఎవరు ఆపుతారు?

భానుశ్రీ పరుగెత్తింది.

కాలువ ఆఖరి మెట్టు మీద మంజుష. ఎడమ చంకలో పాప. కుడి చేతిలో బొంత, నీళ్ళకు జానెడు ఎత్తున.

"అక్కడే ఆగు. అరిచావో, పాప నీళ్ళలో ఉంటుంది."

భానుశ్రీ రెండు మెట్ల పైన ఆగింది. పాప నవ్వుతోంది. పాపకేం తెలుసు.

"చదరాల్లో పొడి కుట్టావు."

"గట్టిగా జాడిస్తే చాలు. అవతలి గట్టు మీద మీవాళ్ళే నాకు చెయ్యూపారు, చూశావా?"

"కాలువ ఏమైపోయినా నాకనవసరం. నా పాపను ఇచ్చెయ్."

ఆ మాటలో సగం నటన. సగం కాదు.

మంజుష పెదవి విరిచింది. "తల్లులంతా ఒకటే. పట్టుకో. నీ రెండు చేతులూ నిండితే నాకూ మంచిదే." పాపను అందించి, బొంతను రెండు చేతులా పట్టుకుని నీళ్ళ వైపు తిరిగింది.

తిరిగినప్పుడు ఊలు ఆమె చీలమండకు చుట్టుకుంది.

భానుశ్రీ పాపను గుండెకు అదుముకుంది. కాలి బొటనవేలికి ఊలు మెలేసి వెనక్కి తన్నింది. ఏనుగు కాదు గానీ మంజుష మెట్ల మీద బోర్లా పడింది. చేతుల్లోంచి బొంత జారింది. కింది మెట్టు మీద నుంచి, మెల్లగా, నీళ్ళలోకి.

భానుశ్రీ వంగి ఒంటి చేత్తో పొడిచిన ఉక్కు సూది బొంతలోంచి దిగి రెండు రాళ్ళ సందులో కూరుకుపోయింది.

బొంత ఆగింది. అంచు కింద నీళ్ళు కదులుతున్నాయి. తగల్లేదు.

భానుశ్రీ అప్పుడు అరిచింది. అవతలి గట్టు మీద విజిల్ మోగింది.

చేతులకు బేడీలు పడుతున్నప్పుడు మంజుష అడిగింది. "ఎక్కడ దొరికాను? కుట్టు కూడా చేత్తోనే కుట్టించానే!"

"కుట్టు బాగానే ఉందండీ," అంది పెరటి గుమ్మంలో నిలబడ్డ మరిడమ్మ. "అమ్మమ్మే బాలేదు."

సాయంత్రం షాపులో చీఫ్ చెయ్యి చాపాడు. "సూది, ఊలు ఇచ్చెయ్యమ్మా. గవర్నమెంటు సొత్తు."

భానుశ్రీ సూది ఇచ్చింది. ఊలు కొస ఇంకా పాప మొలతాడుకే ఉంది. ఆయన చూసి, సూది ఒక్కటే కౌంటరు కింద పెట్టాడు.

ఇదంతా చదివినవాళ్ళు ఒక్క పని చెయ్యండి. ఒకసారి లేచి ఉయ్యాల దగ్గరికి వెళ్ళి మీ పాప ఎలా ఉందో చూసి రండి. అలాగే కింద వేసిన బొంత కూడా నలిపి చూడండి. గుడ్డ కరకరలాడితే, పాపను ముందు చేతుల్లోకి తీసుకుని, ఆ తర్వాత అడగండి, అది ఎవరు తెచ్చారని.