హాలు నేల కింద

"వేడి గిన్నె దించడానికి ఈ ఇంట్లో ఇంకేమీ దొరకలేదా అత్తయ్యా?"

కోడలి చేతిలో చెక్కరంగు వినైల్ పలక ఉంది. దాని నడుమ గిన్నె అడుగంత మేర గుండ్రంగా ఉబ్బింది.

"స్టవ్ పక్కన పెడితే గిన్నె కిందకే అనుకున్నాను. వంటింట్లో పలకలకి పరీక్షలు పెడుతున్నావని నాకేం తెలుసు?" అంది అత్తగారు, కూర కలుపుతూనే.

"నూనె మరక పోతుందో లేదో చూస్తున్నానండీ. రెండు రోజుల నుంచి నూనె పోసి ఉంచాను."

"నూనె సంగతి నువ్వు చూశావు, వేడి సంగతి నేను చూశాను. ఒక్క పలకతో రెండు పనులయ్యాయి. ఇంకా కోపం దేనికి ఇంజనీరమ్మా?"

కోడలు ఇంజనీరు కాదు, కాలేజీలో చదివింది చరిత్ర. నవ్వు ఆపుకుని, తలుపు వెనక వేలాడే నోటుపుస్తకం అందుకుంది. 'వేడికి ఆగదు' అని రాసి కింద గీత గీసింది.

ఆ ఇంటికి తిండి పెట్టేవి నేలలే. పెద్దాయన నలభై ఏళ్ళు టైల్స్ పరిచిన మేస్త్రి. మోకాళ్ళు అరిగి నాలుగేళ్ళ కిందట పని మానేశాడు. కొడుకు పాత ఇళ్ళు కొని, బాగుచేసి అమ్ముతాడు. అమ్ముడుపోనివి అద్దెకిస్తాడు. ఏ ఇంటికి ఏ నేల అన్నది మాత్రం కోడలు తేల్చవలసిందే. అద్దె ఇళ్ళు మూడింటికీ ఆమె ఒకే రకం టైల్ వేయించింది, సందుల్లో మురికి కనిపించని ముదురు బూడిదరంగు పూత పెట్టించింది. ఎక్కడ ఒకటి పగిలినా మంచం కింద దాచిన పెట్టెల్లోంచి జత టైల్ తీసి అతికించవచ్చు. అమ్మే ఇళ్ళ పద్ధతి వేరు. కొనేవాళ్ళు గుమ్మంలో నిలబడి మొదట చూసేది నేలనే. అక్కడ చవగ్గా, త్వరగా, కంటికి నదురుగా ఉండాలి. పాత నేల తవ్వకుండా దానిమీదే ఒకదానికొకటి బిగించుకుంటూ పోయే వినైల్ పలకల్ని ఎంచుకున్నది అందుకే.

ఇప్పుడు చేతిలో ఉన్నది రైలు గేటు దగ్గరి ఇల్లు. ఒక నర్సు, ఆమె భర్త వచ్చి చూసుకుని వెళ్ళారు. "నేల ఒక్కటి మార్చండి చాలు. మేస్త్రిగారి ఇంటివాళ్ళు వేసే నేల గురించి మేం అడిగేదేముంది?" అంది నర్సు. ఈ ఇల్లు నెలాఖరుకు చేతులు మారితేనే కొడుకు బయానా ఇచ్చిన తర్వాతి ఇల్లు అతనికి దక్కుతుంది. లేకపోతే ఆ ఇల్లూ పోతుంది, బయానా కూడా పోతుంది.

"ఆ హాలు మీద ఏమీ వెయ్యొద్దు," అన్నాడు పెద్దాయన పేపర్లోంచి తల ఎత్తకుండా.

ఆ వారంలో ఆయన ఆ మాట అనడం అది నాలుగోసారి.

కొడుకు చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. "ఎందుకు నాన్నా? కారణం చెప్పండి, వింటాను."

"తవ్వి వెయ్యి. మీద వెయ్యకు."

"తవ్వితే నెల పడుతుంది. నా దగ్గరున్నది పదిరోజులు."

"అయితే అమ్మకు."

"బాగుంది వరస! కొనొద్దని ముందే చెప్పాల్సింది."

"నన్నడిగి కొన్నావా?"

అత్తగారు గరిటె పట్టుకునే బయటికి వచ్చింది. "ఆ హాలు మీ నాన్న పరిచిందేరా. నువ్వు పుట్టిన ఏడాది. తన చేతిపనిని కప్పెట్టేస్తామంటే ఏ మనిషికి మనసొప్పుతుంది?"

పెద్దాయన పేపరు పేజీ తిప్పాడు.

"చెమ్మ ఉందేమోనని మీ అనుమానమైతే నేను చూశాను మామయ్యా," అంది కోడలు. "ప్లాస్టిక్ కాగితం నేలకి నాలుగు పక్కలా టేపుతో అంటించి రెండు రోజులు ఉంచాను. విప్పి చూస్తే ఒక్క చుక్క లేదు."

"ఎండాకాలంలో చుక్క ఎక్కణ్ణుంచి వస్తుందమ్మా?" అన్నాడాయన. పేపరు మడిచి, చెప్పులు వేసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు.

"చాదస్తం," అన్నాడు కొడుకు. కోడలు నోటుపుస్తకం తెరిచింది. అందులో పరీక్ష చేసిన తేదీ ఉంది, ఫలితం ఉంది. ఏ కాలంలో చేసిందో రాయాలని ఆమెకు తోచనే లేదు.

రెండు రోజుల తర్వాత పలకల పెట్టెలు రైలు గేటు ఇంటికి చేరాయి. పరిచేందుకు ఇద్దరు పనివాళ్ళు వచ్చేసరికి పెద్దాయన హాలు నడుమ ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన్ని ఒంటరిగా పంపలేక వెంట వచ్చిన అత్తగారు కిటికీ దిమ్మ మీద కూర్చుంది.

"మేస్త్రిగారూ, మీ చుట్టూ పరుచుకుంటూ పొమ్మంటారా? మధ్యలో దీవిలా ఉంటారు," అన్నాడు పనివాళ్ళలో ఒకడు. రెండోవాడు నవ్వాడు గానీ ఇంటివాళ్ళ ముఖాలు చూసి మానేశాడు.

కొడుకు వాళ్ళిద్దర్నీ టీ తాగి రమ్మని పంపేశాడు. పెట్టెలు సరిచూస్తున్న కోడలు లేచి నిలబడింది.

"లేవండి నాన్నా."

"లేవను."

"మీ పనితనం మీద అంత మోజుంటే ఫోటో తీసి పటం కట్టిస్తాను. అంతేగానీ, అందరి ముందూ నన్ను నవ్వులపాలు చెయ్యకండి."

"మోజా?" అన్నాడు పెద్దాయన. "ముప్పై నాలుగేళ్ళుగా ఈ వీధిలోకి రాకుండా తప్పించుకు తిరుగుతున్నాన్రా నేను. గేటు దాటాలంటే పక్క వీధిలోంచి చుట్టూ తిరిగి పోయేవాణ్ణి."

ఆయన పాదంతో నేలను తట్టాడు.

"దీని కింద షీటు లేదు."

కింద మట్టిలోని చెమ్మ పైకి పాకకుండా కాంక్రీటు పోసే ముందు మందపాటి ప్లాస్టిక్ షీటు పరుస్తారు. పెళ్ళికి ముందు ఆ సంగతి తెలియని మనిషి ఆ ఇంట్లో కోడలు ఒక్కతే. ఆమెకు నేర్పింది పెద్దాయనే.

"మర్చిపోయారా మామయ్యా?"

"మర్చిపోయి ఉంటే ఏనాడో చెప్పేవాణ్ణి." ఆయన భార్య వైపు చూడకుండా, ఎదురుగా ఉన్న గోడతో చెబుతున్నట్టు చెప్పాడు. "ఈ ఇంటాయన కొత్త షీటు చుట్ట తెప్పించి నా చేతికిచ్చి ఊరెళ్ళాడు. ఆ వారమంతా వాన. మన రేకుల గదిలో మంచం ఏ మూలకి జరిపినా కారేది. మీ అమ్మకి నెలలు నిండాయి. చుట్టని సైకిలెక్కించి తీసుకెళ్ళి రేకుల మీద పరిచాను. ఇక్కడ షీటు లేకుండానే కాంక్రీటు పోశాను. మూడో రోజు నువ్వు పుట్టావు."

"మిగిలిందని ఇంటాయనే ఇచ్చాడన్నారు," అంది అత్తగారు.

"అన్నాను."

"నేను ఆయన్ని ఎన్నిసార్లు తలుచుకున్నానో. పిల్లాణ్ణి కాచిన మహానుభావుడని."

పెద్దాయన తల వంచుకున్నాడు. కోడలి వైపు తిరిగి అన్నాడు: "వానల్లో మూలల్లో తెల్లగా చవుడు లేస్తూనే ఉండి ఉంటుందమ్మా. టైల్స్ సందుల్లోంచి చెమ్మ ఎప్పటికప్పుడు ఆరిపోయేది కాబట్టి ఇన్నాళ్ళు ఆగింది. పైన ప్లాస్టిక్ పలకలు బిగిస్తే ఎటు పోతుంది? మొదటి వానలకి వాసన, రెండో ఏటికి పలకలు లేస్తాయి. పైన పటారం, లోన లొటారం. ఆ నర్సు నమ్మింది నా పేరుని."

కొడుకు కిటికీ దాకా వెళ్ళి, తిరిగి గుమ్మం దాకా వచ్చాడు. "పోనీ ఆమెకి అమ్మను. అద్దెకిస్తాను. పలకలు లేచినప్పుడల్లా మారుస్తూ పోతాం. అద్దెకొచ్చేవాళ్ళు నేల కింద ఏముందని అడగరు."

"అద్దెకుండేవాళ్ళు ఊపిరి పీల్చరా?" అంది కోడలు.

"నువ్వు కూడా మొదలుపెట్టకు."

"ఆ రేకుల గదీ అద్దెదేరా," అంది అత్తగారు. ఆమె గొంతు ఎప్పటిలాగే ఉంది. "కప్పు కారుతోందని చెబితే, అద్దెకుండేవాళ్ళకి వాన కొత్తా అన్నాడు ఇంటివాడు. అచ్చం నీలాగే. గుమ్మంలో నిలబడి."

కొడుకు నిలబడి ఉన్నది గుమ్మంలోనే. అక్కణ్ణుంచి రెండడుగులు లోపలికి వేశాడు, మళ్ళీ వెనక్కి తిరిగి బయటికి వెళ్ళిపోయాడు. పనివాళ్ళు టీ తాగి వచ్చేసరికి వాళ్ళకు ఆ రోజు కూలి ఇచ్చి పంపెయ్యమని కోడలికి ఫోను చేశాడు.

మధ్యాహ్నం అతను భోజనానికి ఆలస్యంగా వచ్చాడు. అప్పటిదాకా ఎవరూ తినలేదు. చేతులు కడుక్కుని తన చోట కూర్చుని, కూర వడ్డించుకుని, పళ్ళెంలోకి చూస్తూ చెప్పాడు.

"పలకలు కొట్టుకి తిప్పి పంపిస్తున్నాను. సీలు విప్పని పెట్టెలన్నీ తీసుకుంటారట. సోమవారం నుంచి హాలు తవ్విస్తాను. కింద షీటు, దానిమీద కాంక్రీటు, ఆపైన అద్దె ఇళ్ళకి వేసే మామూలు టైల్. తర్వాతి ఇల్లు వదిలేశాను. వాళ్ళకి చెప్పి వచ్చాను."

"బయానా?" అంది కోడలు.

"పోయింది."

కోడలు మంచినీళ్ళ గ్లాసు అతని ముందు పెట్టింది. టైల్స్ ఎన్ని పెట్టెలు కావాలో ఆమె ఆ ఇంటి నుంచి రాగానే లెక్క వేసి ఉంచింది గానీ అప్పుడు చెప్పలేదు.

"నర్సుకి ఏం చెబుతావు?" అన్నాడు పెద్దాయన.

"పాత ఇల్లు కదా, ఆ రోజుల్లో షీటు వేసేవాళ్ళు కాదని చెబుతాను. ఆగితే ఆగుతుంది, లేకపోతే లేదు. మీ ఊసు ఎందుకు నాన్నా?"

"ఆ రోజుల్లోనూ వేసేవాళ్ళు. నేనే వెయ్యలేదు. నా పేరు చూసి అడగకుండా వెళ్ళిన మనిషికి నేనే చెప్పాలి. సాయంత్రం వెళ్తాను."

"నేనూ వస్తాను," అంది అత్తగారు.

"నువ్వెందుకు?"

అందరికీ వడ్డించాక గానీ తినని మనిషి పళ్ళెం తెచ్చుకుని భర్త పక్కన కూర్చుంది. "ఆ షీటు కింద తడవకుండా పడుకున్నది నేనూ వీడూ. తెలిసి ఉంటే తీసి ఇచ్చి రమ్మనేదాన్నని ఇందాకటి నుంచీ అనుకుంటున్నాను. అబద్ధం. మూడు రోజుల పసిగుడ్డుని ఒళ్ళో పెట్టుకుని ఏ తల్లి అంటుంది ఆ మాట? తెలిసినా నోరు మూసుకుని పడుకునేదాన్ని. ఆ నర్సు ఏమైనా అంటే మీరొక్కరే ఎందుకు పడాలి?"

పెద్దాయన అన్నం కలపడం ఆపేశాడు. ఆయన కళ్ళు నిండాయి. తుడుచుకోవడానికి కుడిచెయ్యి ఎంగిలిది, ఎడమచెయ్యి ఆమె పట్టుకుని ఉంది.

కొడుకు పళ్ళెంలో అన్నం అలాగే ఉంది.

"ఆరింటికి ఆమె డ్యూటీ దిగి ఇంటికొస్తుంది," అన్నాడు చివరికి. "నేను తీసుకెళ్తాను. ముగ్గురం కలిసే చెబుదాం."