రుమాలేసిన సీటు

మా స్టడీ హాల్ అశోక్‌నగర్‌ల, మెయిన్ రోడ్డుకు రెండు గల్లీల లోపట. మెట్లెక్కి మీదికొస్తే నలభై కుర్చీలు, ఒక కూలర్, గుమ్మం పక్కన నేను కూసునే చెక్క బెంచీ. గ్రూప్స్‌కు చదివే పిల్లలు పొద్దుగాల ఆరింటికే వస్తరు. చాయ్‌కి పోయేటప్పుడు కుర్చీల రుమాలేసి పోతరు. తిరిగొచ్చేసరికి ఇంకోడు కూసుంటడు, ఇగ కొట్లాట. అందుకే నేనే ఒక రూలు పెట్టిన. అట్ట మీద రాసి గోడకు అతికిచ్చిన: రుమాలుంటే మనిషున్నట్టే. ఆ రోజు నుంచి కొట్లాటలు బంద్. నాకంటే తెలివిగల్లోడు ఈ గల్లీల లేడని తిరిగిన కొన్నొద్దులు.

ఇప్పుడు ఆ అట్ట పీకేద్దామని రోజూ అనుకుంట. పీకితే ఎందుకని ఎవరన్న అడుగుతరు. అడిగితే చెప్పాలె. ఈ ముచ్చట ఇప్పటిదాక ఎవ్వరికీ చెప్పలే. భయంతోని కాదు, సిగ్గుతోని. భయం తర్వాత వచ్చింది.

పోయిన మే నెల సంగతి. మాది చిక్కడపల్లిల మూడో అంతస్తు, కిరాయి ఇల్లు. నేను, నా భార్య నవనీత, బిడ్డ సరిత. ప్రతి ఎండాకాలం సెలవులకు పిల్లకు అంబర్‌పేట్‌ల మేనమామ ఇల్లు, నారాయణగూడల ఐస్‌క్రీం, అంతే. ఈసారి మొండికేసింది. బోనుల లేని జంతువును చూడాలన్నది. సరే అని స్టడీ హాల్ తాళాలు ప్రేమకిచ్చిన. ప్రేమంటే మా దగ్గర చదువుకునే పిల్లనే, మహబూబ్‌నగర్ దిక్కు, నమ్మకస్తురాలు. రెండు రోజులకని నల్లమల పోయినం.

అడివి గేటు కాడ పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకున్నరు. అక్కడ్నుంచి గుట్ట మీదికి ఆరు కిలోమీటర్ల కాలిబాట. గైడ్ ముందట నడిచిండు. ఎండుటాకులు కాళ్ల కింద పట్‌పట్ అంటున్నయి. జింకల మంద కనవడ్డది, మమ్మల్ని చూసి చెవులు నిలవెట్టి, పుసుక్కున మాయమైంది. ఒక చెట్టు మొద్దు మీద ఎలుగుబంటి గీకిన గోళ్ల గుర్తులుంటే సరిత తన వేళ్లు పెట్టి కొలుసుకున్నది. అది అంత సంబురంగ ఉండుడు నేను చూడలే. నా కడుపు నిండిపోయింది. చెప్పాల్నంటే ఆ పొద్దు నా బతుకుల మంచి పొద్దు.

గుట్ట మీద వ్యూపాయింట్ కాడ ఒక ముసలమ్మ తునికిపండ్లు అమ్ముతుండె. పేరు కురుమమ్మ. ఆకు దొప్పల పండ్లు పోసి ఇస్తది. సరిత రెండు దొప్పలు తిన్నది. మూడోది అవ్వ ఊకెనే ఇచ్చింది.

“తిను బిడ్డా. మా మనుమరాలు నీ అంతనే ఉంటది,” అన్నది.

ఆమె మోకాలు ఉబ్బి ఉన్నది, గుడ్డ కట్టుకున్నది. ఈ కాలు పెట్టుకొని రోజూ ఎట్ల దిగుతవవ్వా అని నవనీత అడిగింది. పొద్దుందాక ఇక్కడ్నే ఉంట, సాయంత్రం ఆఖరి వ్యాన్‌ల జాగుంటే కూసొని పోత, కింద గేటు పక్కనే మా గుడిసె అన్నది. దేవుని తోడు, ఈ మాటలన్నీ నేను చెవులార విన్న.

ఐదింటికి కిందికి దిగే ఆఖరి వ్యాన్ వచ్చింది. డ్రైవర్ ఆశన్న. వెనక వరుసల, ముందట, బషీర్‌బాగ్ నుంచి వచ్చిన ఒక కుటుంబం నిండిపోయింది. నడిమి వరుస మాది. నలుగురు పడ్తరు, మేం ముగ్గురం. నాకు కాళ్లు పీకుతున్నయి. జర సాపుకొని కూసోవాలనిపిచ్చింది. తలుపు పక్క సీటు మీద నా రుమాలు తీసి ఏసిన. నవనీత పచ్చ దారంతోని మూలకు నా పేరుల మొదటి అక్షరం ‘ర’ కుట్టిన రుమాలు. చెయ్యి దానంతటదే ఏసింది, హైదరాబాద్ బస్సులల్ల తిరిగిన చెయ్యి గద.

కురుమమ్మ బుట్ట సంకన పెట్టుకొని, కుంటుకుంట వచ్చింది.

“జర జాగియ్యి కొడుకా.”

“మనిషొస్తున్నడు అవ్వా,” అన్న.

ఆశన్న వెనక్కి తిరిగిండు. “ఎవరు సార్? ఏడున్నడు?”

“మాతోని వచ్చినాయననే. ఫొటోలు దీసుకుంట ముందుగాల నడిచిండు. తొవ్వల దొరుకుతడు.”

ఎంత సాఫీగ వచ్చిందో ఆ అబద్ధం! నవనీత నా తొడ మీద గిల్లింది. నేను కిటికీల నుంచి బయటికి చూసిన. అవ్వ రుమాలు దిక్కు చూసింది, తర్వాత నా మొఖం చూసింది. ఆమెకు తెల్సిపోయింది. తిట్టలే.

“సరే బిడ్డా. పిలుసుకున్నవు గద, వస్తడు,” అన్నది.

వ్యాన్ కదిలింది. సరిత వెనక అద్దంల నుంచి అవ్వకు చెయ్యి ఊపింది.

రెండు మలుపులు దిగినమో లేదో మబ్బు కమ్మింది. ఎండాకాలం వాన ఎట్లుంటదో ఎరుకనే గద, చెప్పకుంట వస్తది. గాలికి వెదుర్లు ఒకదానికొకటి రాసుకొని కిర్రు కిర్రుమంటున్నయి. పొద్దు గుంకకముందే చీకటైంది. ఆశన్న స్పీడు తగ్గిచ్చిండు.

“సార్, మీ ఆయన కనవడ్తలేడు. ఇంత దూరం నడిచే టైం లేకుండె గద? లేడంటే చెప్పుండ్రి, ఇంకా ఒక కిలోమీటరే వచ్చినం. మర్లేసి ముసలమ్మనన్న ఎక్కిచ్చుకొస్త. వానల ఆ కాలుతోని ఏడికి దిగుతది?”

వ్యాన్‌ల అందరు నా దిక్కే చూసిన్రు. ఒక్క మాట. ‘ఎవ్వరు లేరు ఆశన్నా, కాళ్లు సాపుకునేటందుకు అబద్ధమాడిన.’ అంతే చెప్పాలె. సరిత నా మొఖంలకు చూస్తున్నది. ఆ పిల్ల ముందట ఎట్ల చెప్పాలె? స్కూల్ల అబద్ధమాడిందని దాన్ని నేనే రెండు పీకిన.

“ఉన్నడు,” అన్న. “ముందటికి పోనియ్యి.”

నవనీత నా చెవుల మెల్లగ అన్నది. “చెప్పరాదా... పాపం తగుల్తది.”

“ఊకో,” అన్న.

పెద్ద మలుపు కాడ ఆశన్న బ్రేకేసిండు.

“దొరికిండు సార్ మీ ఆయన!”

వైపర్ తిరుగుతున్నది. లైట్ల ఎలుగుల వాన చినుకులు, తడిసిన తొవ్వ, వెదుర్లు. ఇంకేం లేదు. నేను కండ్లు చిట్లిచ్చి చూసిన. ఎవ్వరు లేరు. ఎవరో ఉన్నట్టు ఆశన్న కిటికీలకెల్లి తల బయట పెట్టి అంటున్నడు. “ఎక్కుండ్రి సార్, మీకోసమే ఆపిన్రు జాగ.”

నా పక్కన తలుపు జరిగింది.

నేను ముట్టలే. సర్రున జరిగింది... వాన లోపటికి కొట్టింది. వాననే గాదు, ఒక వాసన. శానా రోజులు నీళ్లల్ల నానిన ఆకుల వాసన. పక్క సీటు కిందికి కుంగింది. స్ప్రింగులు కిర్రుమన్నయి. తలుపు మూసుకున్నది.

రుమాలు... సీటుల లోపటికి ఒత్తుకపోయి ఉన్నది.

నా ఎడమ చెయ్యి మొత్తం చల్లబడ్డది. జరుగుదామంటే జరగలేకపోయిన. అంగీ చెయ్యి మోచేతి నుంచి భుజం దాక తడుస్తున్నది, మెల్లమెల్లగ, ఎవరో తడి బట్టలతోని ఆనుకొని కూసున్నట్టు.

సరిత నా మీది నుంచి ముందుకు వంగింది.

“అంకుల్, మీరెందుకు నడిచిన్రు?”

తల పక్కకు వంచింది. వింటున్నది. తర్వాత నా దిక్కు తిరిగింది.

“డాడీ... నువ్వు పిలిచేదాక ఈ అంకుల్‌ను ఎవ్వరు పిలవలేదంట.”

నవనీత పిల్లను గుంజి ఒళ్లె పెట్టుకున్నది. “ఎవరితోని మాట్లాడుతున్నది?” అని నన్నడిగింది. గుసగుసగ. ఆమెకు కనవడ్తలేడు. నాకూ కనవడ్తలేడు. ఆ వ్యాన్‌ల అబద్ధమని తెల్సినోళ్లం మేమిద్దరమే.

అప్పటికి గూడ నోరు తెరవలే. ఇప్పుడు చెప్తే ఏమంటరు? పక్కన కూసున్నాయన ఎవరంటే ఏం చెప్పాలె? అట్లనే బిర్రబిగుసుకొని కూసున్న... గేటొచ్చేదాక.

గేటు కాడ గార్డు టార్చ్ కొట్టి లోపటికి చూసిండు.

“కురుమమ్మ ఏది?”

“జాగ లేకుండె అన్నా,” అన్నడు ఆశన్న. “సార్ వాళ్ల మనిషి ఉండె.”

గార్డు మా వరుస మీద టార్చ్ తిప్పిండు. ఆ ఎలుగు నా పక్కన ఆగింది, నా మీదికి వచ్చింది, పిల్ల, నవనీత.

“నలుగురు. ఔ, నిండింది,” అన్నడు. “ఇగ ఈ వానల, చీకట్ల, బండి మల్ల మీదికి పోనియ్య. ఆమెకు తొవ్వ ఎరుకనే. వస్తది.”

వ్యాన్ దిగినం. సరిత గేటు దిక్కు తిరిగి చెయ్యి ఊపింది.

“ఎవరికి?” అన్న.

“అంకుల్‌కు. మల్ల మీదికి పోతున్నడు డాడీ. అవ్వను తోల్కొస్తడంట.”

వ్యాన్‌ల సీటు మీద నా రుమాలు లేదు.

తెల్లారి మేం హైదరాబాద్ తొవ్వ పట్టినం. కల్వకుర్తి దాటినంక ఆశన్న ఫోన్ చేసిండు.

“సార్, కురుమమ్మ ఇల్లు చేరలే. తెల్లారంగనే పోయి చూసినం. బుట్ట మాత్రం ఆ పెద్ద మలుపు కాడ ఉన్నది. అంత వాన కొట్టింది గద సార్, బుట్ట తడవలే. మీ ఆయన నడుసుకుంట వచ్చిండు గద, ఏమన్న చూసిండేమో. జర ఆయన నంబర్ ఇస్తరా?”

నేను ఫోన్ పెట్టేసిన. తర్వాత స్విచాఫ్ చేసిన. ఇంటికొచ్చినంక ఆశన్న నంబర్ బ్లాక్ చేసిన. నవనీత అన్నీ చూసింది. ఆ రోజు నుంచి నాతోని అవసరానికే మాట్లాడుతది. ఆ ముసలమ్మ దొరికిందో లేదో నాకెరుక లేదు. తెలుసుకోవాల్నంటే ఒక్క ఫోన్. ఆ ఒక్క ఫోన్ చెయ్యలే నేను. థూ, నా బతుకు!

ఇగ ఇప్పటి సంగతి. ఇది మొదలై ఇయ్యాల్టికి పదకొండో రోజు. ఆ మొదటి రోజు మధ్యాహ్నం మూడింటికి అన్నం తిని స్టడీ హాల్ మెట్లెక్కిన. ఎండ కాస్తున్నది, బయట చుక్క వాన లేదు. గుమ్మం కాడ ప్రేమ పుస్తకం పట్టుకొని నిలవడి ఉన్నది.

“సార్, మీ బెంచీ మీద కూసోకుండ్రి. ఒక అవ్వ రుమాలేసి పోయింది. మెట్లెక్కలేక మోకాలు పట్టుకొని వచ్చింది పాపం. ఎవరికవ్వా అంటే, మనిషొస్తున్నడు అన్నది.”

బెంచీ దిక్కు చూడకుంటనే అడిగిన. “ఒక్కతేనా?”

“లేదు సార్, ఒకాయన చెయ్యి పట్టుకొని ఎక్కిచ్చిండు. మొత్తం తడిసి ఉండె. వాన ఏడిది అనుకున్న నేను.”

బెంచీ మీద ముగ్గురు పడ్తరు. సరిగ్గ నడుమ, రుమాలు. మూలకు పచ్చ దారంతోని ‘ర’.

ఆ రోజు నుంచి అది అట్లనే ఉన్నది. పిల్లలు ఎవ్వరు ముట్టరు, నా రూలే గద. నేనూ ముట్టలే. ఫ్యాను కింద పదకొండు రోజులు, తడి ఆరలే. దగ్గరికి పోతే తునికిపండ్ల వాసనొస్తది. ఎండాకాలం ఎప్పుడో పోయింది, ఈ నెలల తునికిపండ్లు ఏడున్నయి? నేను మాత్రం పొద్దుగాల ఆరింటి నుంచి రాత్రి పదింటి దాక నిలవడే ఉంటున్న. కుర్చీ ఏదైనా కూసోబుద్ధి అయితలేదు. ఎందుకు సార్ నిలవడ్డరని పిల్లలు అడుగుతరు. నడుము నొప్పి, కూసోవద్దన్నరు డాక్టర్ అని చెప్పిన. ఇంకో అబద్ధం.

ఇయ్యాల సాయంత్రం స్కూల్ నుంచి సరిత నేరుగ ఇక్కడికొచ్చింది. బ్యాగు తీసి గోడకు పెట్టింది. బెంచీ దిక్కు చూసి నవ్వింది, పరిచయమున్నోళ్లను చూసి నవ్వినట్టు. జర సేపు విన్నది. తర్వాత వచ్చి నా వేలు పట్టుకొని గుంజింది.

“డాడీ, అవ్వ నీకోసం పక్కకు జరిగి జాగిచ్చింది. మోకాళ్లు నొస్తలేవా, ఎంతసేపని నిలవడ్తవు కొడుకా అంటున్నది...”