రాతి అరచేతిలో కన్ను

"ఆగు! ఓచోలా... ఆగరా!"

వాడు ఆగడు.

చేతిలో గునపం. ఒంటికి అతుక్కుపోయిన తడి చొక్కా. వేపుడు చేపల అంగళ్ల మధ్య నుంచి దూసుకుపోతున్నాడు.

వెనకే ఇన్‌స్పెక్టర్ అకేయో.

అప్పుడే పొద్దుగూకింది. సరస్సు మీంచి వాన ఈడ్చి కొడుతోంది. ఆమె మోచెయ్యి తగిలి ఒక పళ్లెం ఎగిరిపడింది. చేప ముక్కలన్నీ బురదలో!

"కళ్లు నెత్తికెక్కాయా పోలీసమ్మా!" చేపలమ్మే ముసలామె తిట్టింది. అంతలోనే ఆమె గొంతు మారిపోయింది. "అటు పోకు బిడ్డా... ఆ కన్ను చూస్తది!"

అంగళ్లు అయిపోయాయి. ఎదురుగా ఖాళీ మైదానం. నడుమ స్మారకం.

ఆకాశంలోకి చాచిన రాతి చెయ్యి. అరచేతిలో త్రికోణం. త్రికోణంలో కన్ను. స్వాతంత్ర్యం వచ్చినప్పుడు కట్టారు. దేశంలో ప్రతి బడిపిల్లాడి పుస్తకం అట్ట మీదా అదే బొమ్మ.

అయినా రాగేరో పట్టణంలో ఎవరూ దాని నీడ తొక్కరు. అది దయ్యాన్ని కొలిచేవాళ్ల రహస్య గుర్తట. పునాదిలో మనుషుల్ని పాతారట. ముట్టుకున్నవాణ్ణి మింగేస్తుందట!

రెండు వారాల కిందట ఓచోలా వాళ్ల అన్న ఒబుయా మాయమయ్యాడు. పడవ నడిపేవాడు. అతని చెప్పులు ఈ దిమ్మె కిందే దొరికాయి.

ఇంకేం... ఊరంతా ఒకటే మాట. కన్ను మింగింది!

ఠంగ్!

గునపం దిమ్మెకి తగిలింది. రాతి పెచ్చు లేచింది. అకేయో వెనక నుంచి వాడి నడుం పట్టేసింది. ఇద్దరూ బురదలో పడ్డారు.

"వదులక్కా! మా అన్న దీని కడుపులో ఉన్నాడు!"

"రాయికి కడుపేంట్రా? ఆ త్రికోణం తెరచాప. ఆ కన్ను చేప కన్ను. మన జాలరోళ్ల గుర్తు... అంతే!"

"అయితే మా అన్నేడీ? అప్పట్నుంచీ మీ స్టేషన్ మెట్లు అరిగిపోయేలా తిరుగుతున్నా. మీ పెద్దసారేమన్నాడో తెలుసా? దయ్యాల కేసు నాకొద్దు, పాస్టర్ దగ్గరికి పో అన్నాడు. నవ్వాడక్కా!"

అకేయో వాణ్ణి వదిలి లేచింది.

చూపు పక్కకి తిప్పుకుంది. దిమ్మె వెనక చిన్న ఇనుప తలుపు. ఒకప్పుడు ఫౌంటెన్ మోటారు గది. మూతబడి ఏళ్లయింది. తలుపు నిండా తుప్పు.

తాళం మాత్రం... కొత్తది!

దయ్యానికి తాళమెందుకు?

వెంటనే స్టేషన్ చీఫ్ ఒకుంబేకి ఫోన్ చేసింది. "సార్, స్మారకం దగ్గరున్నా. మనుషుల్ని పంపండి."

"నేనే వస్తున్నా. ఏదీ ముట్టుకోకు!"

ఫోన్ పెట్టేసేలోపే తలుపు లోపల్నుంచి... గొలుసు చప్పుడు. సన్నటి మూలుగు!

"అన్నా!" ఓచోలా గొంతు చీలిపోయింది.

ఇక ఆగడం అకేయో వల్ల కాలేదు. తాళంలో గునపం దూర్చి ఇద్దరూ బలమంతా వేశారు.

ఫట్!

టార్చి వెలుగులో... వరసగా చెక్కపెట్టెలు. ఒకదాని మూత తెరిచి ఉంది. నిండా తుపాకులు! పెట్టెల వెనక, పాత మోటారుకి గొలుసుతో కట్టేసిన ఎముకల గూడులాంటి మనిషి.

ఒబుయా. బతికే ఉన్నాడు!

ఓచోలా అన్నని వాటేసుకుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. ఒబుయా ఎండిన పెదాలు కదిలాయి.

"పారిపోండి... అతనొస్తాడు..."

"ఎవరు?" అడిగింది అకేయో.

"నేనే!"

గుమ్మంలో చీఫ్ ఒకుంబే. ఒంటరిగా... చేతిలో రివాల్వర్!

"ముట్టుకోవద్దన్నానా? పిస్టల్ కింద పెట్టు."

పెట్టింది.

"సార్... మీరా?"

"సరుకు సరస్సు అవతల నుంచి వస్తుంది. వీడు చూశాడు. ఒక పడవ సరుకు నీళ్లలో ముంచేశాడు. ఎక్కడో చెప్పమంటే చెప్పడు. అందుకే ఇంకా ప్రాణాలతో ఉన్నాడు."

"మరి ఆ చెప్పులు?"

"నేనే పెట్టా. ఇక్కడికి కాపలా అక్కర్లేదమ్మాయ్, ఆ కన్ను చాలు. వీణ్ణి మింగిందంటే నమ్మారు. మిమ్మల్నిద్దర్నీ మింగిందంటే నమ్మరా?"

రివాల్వర్ లేచింది.

ఓచోలా దూకాడు!

ఢాం!

వాడు కుప్పకూలాడు. ఆ ఒక్క క్షణంలో అకేయో నేల మీద పడి పిస్టల్ అందుకుంది.

"కదిలితే కాల్చేస్తా!"

ఒకుంబే బిగుసుకుపోయాడు. రివాల్వర్ కిందికి దిగింది.

"ఎవరైనా రండి! సాయం!" గొంతు చించుకుని అరిచింది అకేయో.

బయట అడుగుల చప్పుడు... దూరమైపోతోంది.

"కన్ను ఇంకొకణ్ణి మింగింది! పరుగెత్తండ్రో!"

ఒకుంబే నవ్వాడు. "విన్నావా? ఎవరూ రారు. రేపు నా మాట ముందు నీ మాట ఎవడు నమ్ముతాడు? నీకున్న సాక్షి వీడొక్కడే."

ఒబుయా అదేదీ వినడం లేదు. గొలుసు ఈడ్చుకుంటూ తమ్ముడి దగ్గరికి పాకుతున్నాడు.

"లేరా... ఒరే ఓచోలా... ఇంటికి పోదాం లేరా..."

తమ్ముడు లేవలేదు.

ఒకుంబే చెయ్యి చటుక్కున కదిలింది. రివాల్వర్ ఒబుయా తలకి గురిపెట్టాడు!

"సార్...!" అకేయో ట్రిగ్గర్ నొక్కింది.

ఢాం!

ముందు రివాల్వర్ నేల మీద పడింది. దాని మీద ఒకుంబే.