ఆరో అయ్య

పొద్దున ఆరు గంటలకే ఓబుళప్ప తన పాత తెల్ల కోటు మంచం మీద పరిచి మూడోసారి ఇస్త్రీ మొదలుపెట్టాడు. రిటైరయి తొమ్మిదేళ్ళయింది. కోటు అలాగే ఉంది, మనిషే లోపల సన్నబడ్డాడు.

"ఎన్నిసార్లు రుద్దుతావయ్యా దాన్ని! బొక్క పడితే నీ అయ్యలందురూ ఆ బొక్కలోంచి తొంగి చూస్తారు," అని వంటింట్లోంచి హనుమక్క అరిచింది.

"చూడనీలే. వాళ్ళు చూడనిది ఏముండాది నా దగ్గర?"

ఓబుళప్ప హైదరాబాదులో ముప్పై మూడేళ్ళు హైకోర్టు జమేదారుగా పనిచేశాడు. జడ్జిగారు తన గదిలోంచి కోర్టు హాలుకు వెళ్తుంటే తెల్ల కోటు, ఎర్ర పట్టీ, తలపాగాతో ఆయన ముందు నడవడం, వరండాలో జనాన్ని "ష్‌" అని పక్కకు తప్పించడం అతని ఉద్యోగం. ఒక జడ్జి రిటైరైతే ఇంకొకరి ముందు నడవాలి. అలా పన్నెండు మంది. వాళ్ళను పేరు పెట్టి అనడానికి అతనికి నోరు రాదు. మొదటి అయ్య, రెండో అయ్య, అంతే. హిందూపురంలోని ఈ ఇంట్లో సంవత్సరాలకు కూడా అవే పేర్లు. కూతురు సుకన్య పుట్టింది మూడో అయ్య కాలంలో. మిద్దె వేసింది ఎనిమిదో అయ్య రిటైరయిన నెలకు. బర్రె చచ్చిపోయింది తొమ్మిదో అయ్య వేసవి సెలవుల్లో. బయటివాళ్ళకు వింటే నవ్వొస్తుంది గానీ ఆ ఇంట్లో ఎవరూ నవ్వరు. ఆ ముప్పై మూడేళ్ళూ అతను అక్కడ, పెళ్ళాం బిడ్డ ఇక్కడ మరి.

ఆ బిడ్డ ఇప్పుడు పెనుకొండ కోర్టులో వకీలు. హైకోర్టు పుట్టి డెబ్బై ఏళ్ళు నిండాయని పెనుకొండ వకీళ్ళు కొందరు కలిసి ఒక పుస్తకం వేస్తున్నారు. 1954లో గుంటూరులో మొదలై, రెండేళ్ళకు హైదరాబాదు చేరి, 2019లో అమరావతికి మారిన ఆ కోర్టు కథ, అందులో కూర్చున్న జడ్జీల చరిత్ర అంతా సుకన్యే రాసింది. చివరి పేజీ మాత్రం నాయనది. 'నేను ముందు నడిచిన అయ్యలు' అని నంబర్లు వేసి, పేర్లు, వాళ్ళు వచ్చిన తేదీ, పోయిన తేదీ తన చేత్తో రాసిచ్చాడు. ఈ రోజు మధ్యాహ్నం మూడింటికి పెనుకొండలో పుస్తకం విడుదల. ఓబుళప్పకు వేదిక మీద కుర్చీ, శాలువా. ముప్పై మూడేళ్ళు పెద్దవాళ్ళ కుర్చీల వెనక నిలబడిన మనిషి, మొదటిసారి తానూ ఒక కుర్చీలో కూర్చోబోతున్నాడు. అందుకే కోటుకు మూడోసారి ఇస్త్రీ.

రెండు వీధుల అవతల కాపురముంటున్న సుకన్య ఏడింటికి వచ్చింది. గడప దాటుతుండగానే ఫోను మోగింది.

"అక్కా, పుల్లన్నను, ధర్మవరం ప్రెస్సు నుంచి. మీ నాయన పేజీలో ఐదు తర్వాత ఏడు ఉండాది. ఆరు యాడ పోయింది? పైన పన్నెండు మంది అని రాసినారు, కింద చూస్తే పదకొండే. నంబర్లు సరిచేసి పదకొండు అని వేసేదా?"

"ఆగు పుల్లన్నా. నాయన్ను అడిగి చెప్తా."

"పదిన్నర లోపల చెప్పల్ల అక్కా. ఆ ఒక్క పేజీకే అందురం కాసుకోని ఉండాం."

సుకన్య లోపలికి వెళ్ళింది. "నాయనా, ఆరో అయ్య ఎవురు?"

ఇస్త్రీ పెట్టె ఆగింది.

"అట్లే వేయమను."

"ఐదు తర్వాత ఏడు వేస్తే జనం నవ్వరా? పోనీ, పదకొండు మంది అని వేసేదా?"

"వద్దు! నేను పన్నెండు మంది ముందర నడిచినా. పదకొండు అంటే అబద్ధమైతాది."

"అయితే పేరు చెప్పు."

"చెప్పను."

చూడండి ఈ మనిషి తీరు! అబద్ధం రాయడట, నిజం చెప్పడట. సుకన్య విసుక్కుంటూ ఫోనులో ఆ పేజీ తెరిచింది. ఐదో అయ్య రిటైరయింది 1991 ఆగస్టు. ఏడో అయ్య వచ్చింది 1994 జనవరి. ఆ రెండు తేదీల మధ్య ఖాళీని చూస్తూ చూస్తూ ఆమె నిలువునా ఆగిపోయింది.

1992 వానాకాలంలో ఆమెకు ఆరేళ్ళు. మెదడు జ్వరం వచ్చి అనంతపురం పెద్దాసుపత్రిలో పడి ఉంది. పన్నెండో రోజున నాయన వచ్చాడు. అప్పటికి ప్రాణం నిలబడింది గానీ కుడి చెవి పూర్తిగా పోయింది.

"ఓహో. నా జ్వరం కాలం అయ్యనా ఈయప్ప?" అంది. "నేను మంచంలో పడి నాయన యాడ, నాయన యాడ అంటాంటే నువ్వు నడిచింది ఈయప్ప ముందరేనా? టెలిగ్రాం అందలేదా నీకు?"

"అందింది."

"మరి?"

"సెలవు దొరకలేదు."

"ముప్పై రెండేళ్ళుగా అదే మాట! బిడ్డ చస్తాందంటే సెలవియ్యని మనిషి ఉంటాడా? నువ్వు అడిగింటే గదా!"

హనుమక్క చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చింది. "పొద్దున్నే మొదలుపెట్టినారా! ఆసుపత్రి మెట్ల మింద పదకొండు దినాలు ఒక్కదాన్నే కూర్చున్నదాన్ని నేను. నేనే ఇడిసిపెట్టినా. నువ్వింకా ఎందుకే పట్టుకోని ఊగులాడతావు?"

"పోయిన చెవి నీది గాదు గదమ్మా!"

తల్లి మొహం చూసి సుకన్యకు నాలుక కరుచుకోవాలనిపించింది. అయినా కోపం దిగలేదు.

"పదిన్నర లోపల పేరు చెప్పు నాయనా. లేకుంటే నీ పేజీ తీసేయమంటా. పేజీ లేకుంటే స్టేజీ లేదు, శాలువా లేదు. నువ్వు రావద్దు కూడా."

ఓబుళప్ప ఇస్త్రీ పెట్టె స్విచ్చి ఆపాడు. "తీసేయి," అన్నాడు.

అన్నాడే గానీ కోటు తొడుక్కున్నాడు. ట్రంకు పెట్టె తెరిచి అడుగున ఏదో వెతికి లోపలి జేబులో పెట్టుకున్నాడు. కూతురు ఎనిమిదిన్నర బస్సుకు బయలుదేరితే వెనకాలే బయలుదేరాడు. సుకన్య వద్దనలేదు, రమ్మనలేదు.

బస్సులో ఆమె ఎప్పటిలా ఎడమవైపు కిటికీ పక్కన కూర్చుంది. అలా కూర్చుంటే నాయన ఆమె కుడి పక్కకు వస్తాడు. ఇది ఊరికే జరిగేది కాదు. బడికి వెళ్ళే రోజుల నుంచీ నాయన సెలవుల్లో వస్తే చాలు, అతన్ని వినపడని పక్కనే నడిపించుకునేది. భోజనాలకూ ఆ పక్కే, పెళ్ళి పీటల మీదా ఆ పక్కే. ఓబుళప్పకు ఆ సంగతి తెలుసు. ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు.

అతనికి కుదురు లేదు. కోటు గుండీ పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. కండక్టరును టైమెంతని రెండుసార్లు అడిగాడు. సుకన్యకూ కుదురు లేదు. ఫోను తీసి చూడటం, సంచిలో వేయడం. పుల్లన్నకు ఏం చెప్పాలి? పేజీ తీసేయమంటే నాయన ఆ శాలువాను ఇక ఈ జన్మలో కప్పుకోడు. వేయమంటే తన ఆరేళ్ళ వయసును ఆ ఖాళీలో పెట్టి అచ్చేసినట్టే.

సోమందేపల్లి దాటాక, ఎందుకో తల తిప్పింది. అవతలి సీటులో కూర్చున్న ఒక ముసలామె కొంగుతో కళ్ళొత్తుకుంటోంది. ఆమె చూపు ఓబుళప్ప మీద ఉంది. ఓబుళప్ప ఎదురుగా ఉన్న సీటు వైపు చూస్తూ చిన్న గొంతుతో ఏదో చెప్పుకుపోతున్నాడు.

"ఏమ్మా, ముసలాయన అంత చెప్తాంటే ఉలకవు పలకవు. ఇనపడలేదా నీకు?" అంది ముసలామె.

"ఇనపడదవ్వా. నాకు ఈ చెవి లేదు."

అనగానే ఆమెకు అర్థమైంది. నాయన కావాలనే ఆ చెవికి చెప్పుకుంటున్నాడు. వినపడే చెవికి చెప్పే ధైర్యం అతనికి లేదు.

"లెయ్యి నాయనా. కిటికీ పక్కకు జరుగు," అంది.

"ఎందుకు పాపా?"

"జరుగంటే జరుగు."

అతను కిటికీ పక్కకు జరిగాడు. ఆమె ఈ పక్కన కూర్చుంది. ఇప్పుడు నాయన ఆమె ఎడమ చెవి దగ్గర ఉన్నాడు.

"ఇంగ చెప్పు. మొదట్నుంచీ."

ఓబుళప్ప చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఆ పొద్దు పది గంటలకు టెలిగ్రాం వచ్చె. సుకన్యకు సీరియస్, వెంటనే రా అని. పదిన్నరకు అయ్య కోర్టుకు పోవల్ల. ఆయప్పను కుర్చీలో కూర్చోబెట్టి సెలవు అడుగుదామనుకొంటి. ముందర నడిచినా గానీ నా కండ్లకు ఏమీ కనపడలేదు పాపా. మా కోర్టు ఎడమకు. నేను కుడికి తిరిగితి. అయ్య నా ఎనకే వచ్చె. జమేదారు యాడికి పోతే జడ్జి ఆడికి వస్తాడు, ఆయన దారి చూడడు. తీసకపోయి వేరే కోర్టులో, వేరే జడ్జి కుర్చీ ముందర నిలబెడితి. లాయర్లందురూ లేసి నమస్కారం చేసిరి. అంతలో ఆ కోర్టు జడ్జి ఇంకో తలుపులోంచి వచ్చె. ఇద్దురు జడ్జీలు, ఒకటే కుర్చీ. హాలంతా గొల్లుమని నవ్వె."

ఇంకో రోజైతే సుకన్య కూడా నవ్వేది.

"సాయంత్రానికి సస్పెండు చేసిరి." అతను లోపలి జేబులోంచి మడతలు పడి పసుపెక్కిన కాగితం తీశాడు. "ఇంగ్లీషు. నాకు రాదు గదా. టైపు కొట్టే ఆయప్పను చదవమంటి. సస్పెండు చేసినారు, హెడ్‌క్వార్టరు విడిచి పోకూడదు అనె. ఇంగ ఇనే ఓపిక లేక కాగితం గుంజుకోని వచ్చేస్తి. ఊరు దాటితే ఉద్యోగమే పోతాది, మీరిద్దురూ రోడ్డున పడతారు అనుకొంటి. పదకొండు దినాలు ఆ గదిలో ఈ గోడకూ ఆ గోడకూ నడిచినా. నేను సర్వీసంతా నడిచింది ఒక ఎత్తు, ఆ నడక ఒక ఎత్తు. పదకొండో దినం అయ్యే చెప్పి సస్పెన్షన్ ఎత్తేయించె. ఆ సాయంత్రమే బస్సెక్కితి."

"మాకెందుకు చెప్పలేదు?"

"హిందూపురంలో నన్ను హైకోర్టాయన అంటాండిరి. సస్పెండయినోన్ని అని ఏ మొగం పెట్టుకోని చెప్పల్ల? మీ అమ్మకూ చెప్పలేదు. కానీ ఆ అయ్య పేరు మాత్రం నా నోట్లోకి రాదు. నన్ను నా బిడ్డ దగ్గరికి పోనీలేదు ఆయప్ప. అదొక్కటే నేను చేయగలిగిన కోపం." కాగితం ఆమె చేతిలో పెట్టాడు. "ఇంతవరకూ ఎవురికీ చూపియ్యలేదు. నువ్వు వకీలువి, చదువు. నేను చెప్పింది దాంట్లో ఉండాదో లేదో నువ్వే చూడు."

సుకన్యకు ఆర్డరు ఏది చేతికొచ్చినా చివరి అక్షరం దాకా చదవడం అలవాటు. జూనియర్లకూ అదే చెబుతుంది. మొదటి పేరా సస్పెన్షన్. రెండో పేరా ఒకే వాక్యం. హెడ్‌క్వార్టరు విడిచి వెళ్ళరాదు, నిజమే. కానీ వాక్యం అక్కడ ఆగలేదు. ముందుగా అనుమతి తీసుకోకుండా వెళ్ళరాదని ఉంది.

ఆమె మళ్ళీ చదివింది. అనుమతి. టెలిగ్రాం జత చేసి రెండు ముక్కల అర్జీ పెడితే సరిపోయేది. టైపిస్టు ఆ మాట కూడా చదివేవాడే, నాయన ఇంకొక్క క్షణం అక్కడ నిలబడి ఉంటే. ఏ అయ్యా అతన్ని ఆపలేదు. సగం విన్న మాట ఒకటి, పదకొండు రోజులు అతన్ని గోడల మధ్య తిప్పింది. ముప్పై రెండేళ్ళ తర్వాత కూడా అతను ఇంకా అక్కడే తిరుగుతున్నాడు.

ఓబుళప్ప ఆమె మొహంలోకి చూస్తున్నాడు. తీర్పు కోసం చూసే కక్షిదారుల కళ్ళు సుకన్యకు కొత్త కాదు. ఈ కళ్ళు మాత్రం ఆమె చూడలేకపోయింది.

"అంతే గదా పాపా? ఇంకేమన్నా రాసుండారా?"

"అంతే నాయనా," అంది సుకన్య. "విడిచి పోకూడదు అనే ఉండాది. నీ జాగాలో ఎవురున్నా వచ్చేదానికి కాదు. నీ తప్పేమీ లేదు."

ఓబుళప్ప సీటుకు వాలి పెద్దగా ఊపిరి వదిలాడు. చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు.

"ఇంగ నువ్వు ఇన్నావు గదా, నాకు చాలు. రాసుకో పాపా," అని ఆరో అయ్య పేరు రెండు ఇనిషియళ్ళతో సహా పూర్తిగా చెప్పాడు. "పాపం, మంచి అయ్యే. ఆ పొద్దు హాలంతా నవ్వినా నన్ను ఒక్క మాట అనలేదు."

సుకన్య పుల్లన్నకు ఫోను చేసి పేరు, తేదీలు చెప్పింది.

"ఇప్పుడు పన్నెండు సరిపాయె. ఇంకేమన్నా మిగిలిందా అక్కా?"

ఆమె చేతిలోని కాగితం వైపు చూసింది. "ఏం మిగల్లేదు పుల్లన్నా. అచ్చెయ్యి."

ఫోను పెట్టేశాక ఆపుకోలేకపోయింది. చేతుల్లో మొహం పెట్టుకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. ఓబుళప్ప కంగారుపడి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "ఏడవొద్దు పాపా. నాకిప్పుడు ఆ అయ్య మింద కూడా కోపం లేదు." ప్రతి మాటా ఆమెకు స్పష్టంగా వినపడింది.

పెనుకొండలో దిగాక అతను అలవాటుగా నాలుగడుగులు ముందుకు పోయాడు. సుకన్య చెయ్యి పట్టి వెనక్కి లాగి, తన ఎడమ పక్కన నడిపించుకుంది. కోర్టు గేటు దగ్గర అతనికి గుర్తొచ్చింది.

"పాపా, ఆ కాగితం ఇటియ్యి. పెట్టెలో పెట్టుకుంటా."

"నా దగ్గరే ఉండనీ నాయనా," అంది సుకన్య, సంచిలో కేసు ఫైళ్ళ కిందికి దాన్ని ఇంకా లోపలికి తోస్తూ. "వకీలును నేనుండంగా కాగితాలు నీకెందుకు?"