ముడత పడిన చోటు

నల్లగట్టు ఎయిర్‌పోర్ట్ నుంచి ఉప్పుదీవి ఎయిర్‌పోర్ట్‌కి పద్నాలుగు వందల కిలోమీటర్లు. ప్రయాణం నాలుగు నిమిషాలు. సీటు బెల్టు పెట్టుకునేలోపే తీసెయ్యమంటారు. ఆ ఘనతంతా నల్లగట్టు కంట్రోల్ రూమ్‌లో ఉన్న ఒక ఇనప చక్రానిది, దాన్ని కనిపెట్టిన సైంటిస్టు పినాకపాణిది.

ఆ మధ్యాహ్నం ఆయన ఎదుట నర్సు కాసులమ్మ నిలబడి ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు. గుమ్మిగూడెం నుంచి ఆరు కిలోమీటర్లు నడిచి వచ్చింది. చీకటితో బయల్దేరితే చేరడానికి తొమ్మిది గంటలు పట్టింది. ఆమెకి ఒళ్లు మండిపోతోంది.

"మొన్నటిదాకా గంటన్నర నడకండి ఇది. మీ చక్రం పెట్టిన కాడి నుంచి ఎంత నడిచినా తెమలట్లేదు. ఏటి చేసారు మా దారిని?"

పినాకపాణి ఓపిగ్గా చెప్పాడు. "దూరాన్ని ఎవరూ మాయం చెయ్యలేరమ్మా. పరుపు మీద దుప్పటి ఇటు లాగి సాపు చేస్తే అటెక్కడో ముడత పడుతుంది కదా. ఇదీ అంతే. విమానం దారిలో తీసేసిన దూరం ఎక్కడో ఒకచోట ముడతగా చేరాలి. మ్యాప్‌లో ఖాళీ చోటు చూసే వేశాం."

"ఖాళీయా? డెబ్బై గడపండి మాది."

"మ్యాప్‌లో లేదమ్మా."

ఆ మాట అంత నెమ్మదిగా అన్నందుకు ఆయన చెంప పగలగొట్టాలనిపించింది ఆమెకి. పోయిన నెల పాము కరిచిన గంగయ్య సగం దారిలో, డోలీలోనే పోయాడు. ఇప్పుడు సుందరికి తొమ్మిదో నెల. బిడ్డ అడ్డంగా ఉంది, ఆపరేషన్ చెయ్యాల్సిందే. ఇదంతా మూడు అర్జీల్లో రాసింది. మూడింటికీ 'పరిశీలనలో ఉంది' అనే జవాబొచ్చింది.

ఆమె ఫోన్ మోగింది. సుందరి మొగుడు. నెప్పులు మొదలయ్యాయట, ఉమ్మనీరు పోయిందట, డోలీ ఎత్తమంటారా అని ఏడుస్తున్నాడు.

కాసులమ్మ చక్రం మీద చెయ్యి వేసింది. "ముడత మా మీంచి తియ్యండి. అదిగో, ఆ ఆఫీసర్ల కాలనీ చుట్టూ వెయ్యండి."

"కాలనీ చుట్టూనా? అక్కడ మనుషులుంటారమ్మా."

ఇంక ఆమె ఆగలేదు. రెండు చేతులా చక్రాన్ని తిప్పింది. పైన మ్యాప్ మీద ముడత చోటు చూపించే ముల్లు కదిలింది. ఆయన పట్టుకోబోతే మోచేత్తో తోసేసి, ముల్లు కాలనీ మీదికి వచ్చేదాకా తిప్పింది.

"ఎంత పని చేశావు," అన్నాడు పినాకపాణి. "ఒకసారి తిరిగితే రేపు పొద్దుటిదాకా కదలదు ఇది."

"కదలకపోతే మరీ మంచిది. ఒక్క రోజు మీ వోళ్లూ నడవండి." ఫోన్‌లోకి అరిచింది: "ఎత్తండిరా డోలీ. దారి బాగుపడింది."

గంటన్నరలో డోలీ నల్లగట్టు ఆసుపత్రికి చేరింది. కాసులమ్మ ముందే వచ్చి గేటు దగ్గర నిలబడింది. సుందరి స్పృహలోనే ఉంది, ఆమె చెయ్యి పట్టుకుని నవ్వబోయింది కూడా. ఇన్ని నెలల్లో కాసులమ్మ కోపం చల్లారడం అదే మొదటిసారి.

"థియేటర్ రెడీయేనా? డాక్టరు గారేరీ?"

డ్యూటీ సిస్టర్ గ్లవ్స్ తొడుక్కుంటూ చెప్పింది. "మేడమ్ ఒంటిగంటకి భోజనానికి ఇంటికెళ్లారు. కేసొస్తోందని ఫోన్ చెయ్యగానే బయల్దేరారు. గంట దాటింది, ఇంకా రాలేదేంటో మరి. కాలనీ ఎంత దూరం, ఈ పక్కనే కదా."