పండుగకు ముందు కొరికిన కాయ

రాడార్ కేంద్రం ఇంజినీరు వెంకటేశ్వరరావు బూర్గంపాడు అవతలి అడవిలో, మామిడిచెట్టు కింద, గొంతులో బాణంతో పడి ఉన్నాడు. జేబులో ఉండాల్సిన కోడ్ చిప్ లేదు. బాణం కోయగూడెం గంగయ్యది. పోలీసులకు ఇంకేం కావాలి? గంగయ్యను లోపలేశారు.

రిటైర్డ్ డిటెక్టివ్ రామ్‌చందర్ తల్లాడలో మిరప కల్లం దగ్గర ఉండగా డీఎస్పీ పుష్పలత జీపు వచ్చి ఆగింది.

"ఈ కేసుకు ఆపరేషన్ గోదారి అని పేరు పెట్టిన్రు, సార్. ఆ చిప్ దేశం దాటితే మన రాడార్ గుడ్డిదైతది."

"కొలువుల ఉన్నప్పుడు నా మాట ఒక్కడు ఇనలే. ఇప్పుడు నాతోని పనేంది?"

"సాయంత్రం గంగయ్యను జైలుకు పంపుతున్నం. మిమ్మల్నే పిలువమంటున్నడు."

రామ్‌చందర్ తువ్వాలు భుజాన వేసుకుని జీపెక్కాడు. ఒకప్పుడు మలేరియాతో వణికిపోతున్న తనను అడవి దాటించి భద్రాచలం దవాఖానా దాకా మోసుకెళ్లినవాడు గంగయ్య. అతను హంతకుడట. రామ్‌చందర్‌కు ఒళ్లు మండిపోయింది.

శవం దొరికిన చోట సగం కొరికిన పచ్చి మామిడికాయ పడి ఉంది.

"ఇదెవరు తిన్నరు?"

"ఆకలైనోళ్లెవరో, సార్."

"మామిడి కొత్తల పండుగ ఇంకా కాలే. దేవునికి పెట్టకముందు ఈ గూడెపోళ్లు కాయ నోట్ల పెట్టరు. ఇక్కడ కూసోని ఇంజినీరు కోసం ఎదురుచూసింది బయటోళ్లు. విల్లు ఎక్కుపెట్టుడు రాదు గనుక బాణం దొంగిలించి చేతితోనే పొడిచిన్రు."

"కోర్టుల పండుగను సాక్ష్యంగ పెడితే నవ్వుతరు, సార్."

రామ్‌చందర్ పళ్లు నూరాడు. గోడకు చెప్పుకున్నా ఇంతకంటే నయమనిపించింది.

గెస్ట్‌హౌస్‌లో ఏజెంట్ నాగలత బ్రీఫింగ్ ఇచ్చింది. విదేశీ ముఠాలోకి డిపార్ట్‌మెంటే పంపిన మనిషి. నల్ల కళ్లద్దాలు, జార్జెట్ చీర, మాటకో చిరునవ్వు.

"ముఠా గంగయ్యను కొన్నది. చిప్ నిన్ననే చేతులు మారింది. నేనైతే ఆ అడవిలో అడుగే పెట్టలేదు."

ఎర్రటి లిప్‌స్టిక్ కింద, పెదవి మూల, నల్లగా కమిలిన మచ్చ. కోసిన కాయ సొన తుడవకుండా కొరికితే పడేది అదే.

"మూతికేమైంది బిడ్డా?"

"టీ కాలింది," అంటూ లేచింది నాగలత. హైదరాబాద్ రైలుకు టైమైందని కారెక్కింది.

"ఆమెను ఆపి సోదా చెయ్," అన్నాడు రామ్‌చందర్.

"మన ఏజెంటునా? పైనుంచి ఆర్డర్ రావాలె, సార్." పుష్పలత ఫోన్ తీసింది. సిగ్నల్ లేదు.

"ఆర్డర్ వచ్చేసరికి గంగయ్య మనుమలు ములాఖత్‌కు వస్తరు."

పుష్పలత జీపు స్టార్ట్ చేసింది.

కొత్తగూడెంలో, భద్రాచలం రోడ్ స్టేషన్‌లో వాళ్లు అడుగుపెట్టేసరికి రైలు కదులుతోంది. ఇద్దరూ పరుగెత్తి ఎక్కారు. మోకాళ్లను తిట్టుకుంటూ రామ్‌చందర్ బోగీలన్నీ గాలించి నాగలత ఎదుట కూర్చున్నాడు. మారువేషం అక్కర్లేకపోయింది, కల్లం దుమ్ము కొట్టుకున్న రైతు ముఖం ఎవరు చూస్తారు?

కాస్త ఆలస్యంగా గుర్తుపట్టింది నాగలత. లిప్‌స్టిక్ మూత తీసింది. లోపల విషపు సూది. అది మెడకు తగిలేలోపే రామ్‌చందర్ తువ్వాలు ఆమె ముఖం మీద విదిలించాడు. మిరప ఘాటుకు ఆమె కళ్లు మూతపడ్డాయి. పుష్పలత చైన్ లాగింది. లిప్‌స్టిక్ అడుగున చిప్ దొరికింది.

"ముసలోడివని వదిలేశా," అంది నాగలత దగ్గుతూ.

"మావోళ్లూ అట్లనే అనుకున్నరు."

పొద్దుగూకకముందే గంగయ్యను వదిలారు. అతను రామ్‌చందర్ చేతులు పట్టుకుని చాలాసేపు ఏడ్చాడు. తర్వాత కళ్లు తుడుచుకున్నాడు.

"సారూ, నా విల్లు?"

"అది ఎవిడెన్స్. కేసు తేలేదాకా ఇయ్యరాదు," అంది పుష్పలత.

"ఎప్పుడు తేలుతది?"

రామ్‌చందర్ నిట్టూర్చాడు. "నేను కొలువుల చేరిన ఏడు పట్టిన కేసొకటుంది గంగయ్యా. నేను రిటైరయిన. అది ఇంకా డ్యూటీలనే ఉంది."